బెనిడార్మ్‌లో కూర్చుని బ్రిటన్ కోసం కుమిలిపోయేవాళ్ళు

ప్రపంచంలో కష్టాలు పడేవాళ్ళ గురించి అందరూ రాస్తారు. స్పెయిన్‌లో స్థిరపడిన బ్రిటిష్ రిటైర్డ్ పెద్దమనిషి గురించి మాత్రం ఒక్కరూ రాయరు. అందుకే ఆ బాధ్యత నేను నెత్తిన వేసుకుంటున్నాను. ఆయన బాధ చిన్నది కాదు. బెనిడార్మ్‌లోనో టొర్రెవియెహాలోనో సముద్రం కనిపించే బాల్కనీ, జనవరిలో కూడా బయట కూర్చోగలిగే ఎండ, వీధి చివర ఇంగ్లిష్ బ్రేక్‌ఫాస్ట్ దొరికే బారు, అన్నీ ఉన్నాయి. కానీ పొద్దున్నే డెయిలీ మెయిల్ అనే లండన్ పేపర్ తెరిచేసరికి ప్రాణం ఉసూరుమంటుంది. బ్రిటన్ నాశనమైపోయింది. నిన్న కూడా అయింది. మొన్న ఇంకాస్త ఎక్కువ అయింది. ఇన్నిసార్లు నాశనమయ్యాక కూడా మర్నాడు నాశనం కావడానికి ఏదో ఒకటి మిగులుతోందంటే అదెంత గట్టి దేశమో చూడండి.

ఇక్కడ మనం కాస్త సానుభూతితో ఆలోచించాలి. ఆ మనిషి ఉన్న ఇల్లు అమ్ముకుని, మనవల్ని వదిలేసి, భాష రాని ఊరికి వచ్చిపడ్డాడు. చేసిన పని మంచిదేనని రోజుకొకసారి ఎవరో ఒకరు చెబుతూ ఉండాలి కదా. లండన్‌లో కత్తిపోట్లు, ఆసుపత్రి వరండాలో స్ట్రెచర్ మీద రాత్రంతా పడున్న ముసలాయన, రైళ్ళ సమ్మె, కరెంటు బిల్లు, వీటిలో ఏది కనబడినా "మనం మంచి టైంలో బయటపడ్డాం" అని భార్యకి చదివి వినిపిస్తాడు. ఆవిడ కూడా తృప్తిగా నిట్టూరుస్తుంది. పొరపాటున ఒకరోజు మాంచెస్టర్‌లో ఎండ కాస్తోందనీ, రైళ్ళు టైముకే నడుస్తున్నాయనీ, డాక్టర్ అపాయింట్‌మెంట్ అడిగిన రోజే దొరుకుతోందనీ వార్త వస్తే ఆ దంపతుల గతేమిటి? అలాంటి వార్త వేసే ముందు ఏ ఎడిటరైనా మానవత్వంతో ఒక్క క్షణం ఆగాలి. ఆగుతున్నారు కూడా, పాపం.

బీబీసీని ఆయన నమ్మడు. బీబీసీ లేకుండా బతకనూ లేడు. 2014 ఫిబ్రవరిలో ఈ సంగతి తేలిపోయింది. అప్పటిదాకా మేడ మీద పెద్ద డిష్ పెట్టుకుంటే స్పెయిన్ తీరంలో కూడా బ్రిటిష్ ఛానళ్ళు ఉచితంగా వచ్చేవి. ఆ నెలలో ఛానళ్ళని ఆస్ట్రా 2ఈ అనే కొత్త ఉపగ్రహానికి మార్చారు. దాని సిగ్నల్ బ్రిటన్ మీదే గట్టిగా పడేలా ఉండటంతో ఇక్కడ చాలా ఇళ్ళల్లో తెర నల్లబడింది. బీబీసీ నడవడానికి బ్రిటన్‌లో జనం కట్టే టీవీ లైసెన్స్ ఫీజు కట్టని మనుషులు బీబీసీ తమని మోసం చేసిందని అంత ఆవేశపడటం నేనెక్కడా చూడలేదు. కొందరు ఇంకా పెద్ద డిష్ కొన్నారు, కొందరు వీపీఎన్ పెట్టుకుని తాము బర్మింగ్‌హామ్‌లోనే ఉన్నామని కంప్యూటర్‌ని నమ్మించారు. అంత కష్టపడి తెచ్చుకున్న బీబీసీ న్యూస్ పెట్టి, మొదటి వార్త పూర్తికాకముందే "అంతా అబద్ధం" అంటూ టీవీ మీద అరుస్తారు. అరవడానికైనా సొంతది ఒకటి కావాలిగా.

ఆయన్ని బాగా మండించే వార్త ఇంగ్లిష్ ఛానల్ అనే సముద్రపాయ దాటి చిన్న పడవల్లో బ్రిటన్‌కి వచ్చేవాళ్ళది. వచ్చినవాళ్ళు మన భాష నేర్చుకోరు, మన పద్ధతుల్లో కలవరు, ఒకే పేటలో గుంపుగా ఉంటారు, తమవాళ్ళ దుకాణాలే పెట్టుకుంటారు, మన డాక్టర్ల మీద భారం. ఈ ఉపన్యాసం ఆయన ఇంగ్లిష్ బారులో, ఇంగ్లిష్‌వాళ్ళ మధ్య, ఇంగ్లిష్ సాసేజ్ కోసుకుంటూ ఇస్తాడు. మధ్యలో వాచీ చూసుకుని లేస్తాడు, ఎందుకంటే పన్నెండింటికి స్పానిష్ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది, దుబాసీ వచ్చి ఎదురుచూస్తూ ఉంటాడు.

స్పెయిన్ వార్తల జోలికి మామూలుగా ఆయన పోడు. 2024లో పోక తప్పలేదు. ఏప్రిల్ 20న కానరీ దీవుల్లో వేలకొద్దీ జనం రోడ్డెక్కారు. టూరిస్టుల తాకిడికి అద్దెలు పెరిగిపోయి, పుట్టిన ఊళ్ళో తమకే ఇల్లు దొరకడం లేదని వాళ్ళ గోడు. జులైలో బార్సిలోనాలో నిరసనకారులు హోటళ్ళ బయట తింటున్న టూరిస్టుల మీద పిల్లల బొమ్మ తుపాకులతో నీళ్ళు చిమ్మారు. ఇంకేముంది, లండన్ పత్రికలు విజృంభించాయి. స్పెయిన్‌లో బ్రిటిష్‌వాళ్ళకి రక్షణ లేదన్నట్టు హెడ్డింగులు పెట్టాయి. అప్పుడు మన పెద్దమనిషి నోటి నుంచి, ఇన్నేళ్ళలో మొదటిసారిగా, ఒక చారిత్రాత్మకమైన వాక్యం వెలువడింది: "పేపర్లవాళ్ళు ఊరికే పెంచి రాస్తారు. నేనిక్కడే ఉన్నాగా, అంతా ప్రశాంతంగానే ఉంది."

ఇదొక్కటి కాస్త నిలబడి చూడాల్సిన సంగతి. లీడ్స్‌లో ఉన్న చెల్లెలు ఫోన్ చేసి "అక్కడ మీకు క్షేమమేనా, పేపర్లో భయంకరంగా రాస్తున్నారు" అంటే ఈయన నవ్వుతాడు. పేపర్ చూసి భయపడకమ్మా, నా కళ్ళతో నేను చూస్తున్నాను అంటాడు. అదే చెల్లెలు పోయిన వారం "ఇక్కడ బాగానే ఉందన్నయ్యా, నిన్ననే లండన్ వెళ్ళొచ్చాను, రాత్రి పదింటికి ఒక్కదాన్నే మెట్రోలో తిరిగాను" అంటే మాత్రం ఈయన నమ్మలేదు. నీకు అలవాటైపోయి తెలియడం లేదు, డెయిలీ మెయిల్ చదువు, లండన్ ఎలా ఉందో తెలుస్తుంది అన్నాడు. ఒకే పత్రిక, ఒకే విలేకరులు, ఒకే సైజు అక్షరాలు. అయినా ఆ పత్రిక ఆయన లేని చోటి గురించి వేదం, ఆయన ఉన్న చోటి గురించి పుకారు. చెల్లెలికి అచ్చంగా తిరగేసి ఇదే. ఇద్దరూ ఎదురెదురు దేశాల మీద జాలిపడుతూ, వార్తలు చదివే చల్లగా ఉన్నారు.

2025 జనవరిలో స్పెయిన్ ప్రధాని పెద్రో సాంచెజ్ ఇంకో పిడుగు వేశాడు. యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళు, అందులోనూ స్పెయిన్‌లో నివాసం లేనివాళ్ళు అక్కడ ఇల్లు కొంటే నూటికి నూరు శాతం దాకా పన్ను వెయ్యాలని ప్రతిపాదించాడు. అప్పటికది ప్రతిపాదన మాత్రమే. కానీ బార్లో గగ్గోలు పుట్టింది. మా డబ్బు కావాలి గానీ మేము వద్దా, బయటివాళ్ళమని ఇంత వివక్షా అని. తాము యూనియన్‌కి బయటివాళ్ళం ఎలా అయ్యామన్న ప్రశ్న ఆ టేబుల్ దగ్గర ఎత్తడం మర్యాద కాదు. యూనియన్‌లో ఉండాలా, వెళ్ళిపోవాలా అని 2016 జూన్ 23న బ్రిటన్‌లో జరిగిన బ్రెగ్జిట్ ఓటింగులో దేనికి ఓటేశారో ఇప్పుడు ఎవరికీ జ్ఞాపకం లేదు. నిజానికి చాలామందికి ఓటే లేదు, విదేశంలో పదిహేనేళ్ళు దాటితే ఓటు పోయే నిబంధన అప్పుడుండేది. వాళ్ళ కోపంలో న్యాయముంది, అందులో వెటకారానికి తావు లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడి తర్వాత ఇటలీలో స్థిరపడిన హ్యారీ షిండ్లర్ ఆ నిబంధన మీద ఏళ్ళ తరబడి కొట్లాడి 2023లో 101 ఏళ్ళ వయసులో పోయాడు. నిబంధన పోయింది మాత్రం 2024 జనవరిలో.

ఓటు ఉండి, దాన్ని "వెళ్ళిపోదాం" అన్న వైపు వేసి, స్పెయిన్‌లోనే ఉండిపోయినవాళ్ళ సంగతి వేరు. 2022 మే 1 నుంచి స్పెయిన్‌లో స్థిరపడినవాళ్ళు బ్రిటిష్ లైసెన్స్ మీద అక్కడ కారు నడపకూడదన్నప్పుడు వీళ్ళ ఆక్రోశం చూడాలి. అప్పట్లో స్పెయిన్‌లో బ్రిటిష్ రాయబారి హ్యూ ఇలియట్ తరచూ వీడియోలో కనిపించి చర్చలు జరుగుతున్నాయి, దగ్గరికొచ్చాం అనేవాడు. మన పల్లెల్లో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్ళే, అలా నడిచింది ఒప్పందం అమల్లోకొచ్చిన 2023 మార్చి 16 దాకా. ఆ పది నెలలు బస్సులో తిరిగినవాళ్ళు యూనియన్ ఆఫీసులుండే బ్రస్సెల్స్‌ని తిట్టారు, మాడ్రిడ్‌ని తిట్టారు, చివరికి బస్సు డ్రైవర్‌ని కూడా తిట్టారు, ఇంగ్లిష్ రాదని.

చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి బ్రిటిష్ ప్రభుత్వం ముసలివాళ్ళకిచ్చే భత్యం కథ ఇంకా రమ్యంగా ఉంటుంది. అది స్పెయిన్‌లో ఉన్నవాళ్ళకీ వచ్చేది. 2015లో లండన్‌వాళ్ళు థర్మామీటర్ తీశారు. నైరుతి ఇంగ్లండ్‌లో చలికాలం సగటు 5.6 డిగ్రీలు, అంతకన్నా వెచ్చగా ఉండే దేశాల్లో ఉన్నవాళ్ళకి ఇవ్వం అన్నారు. స్పెయిన్ పోయింది, పోర్చుగల్ పోయింది, ఫ్రాన్స్ కూడా పోయింది. ఆల్ప్స్ కింద మంచు తవ్వుకునే పెద్దాయనకి ఎందుకు పోయిందంటే, ఫ్రాన్స్ సగటులో రీయూనియన్, గ్వాడెలూప్ లాంటి ఉష్ణమండల దీవుల్ని కూడా కలిపి లెక్క కట్టారు. ఇలాంటి లెక్క వెయ్యగల గుమాస్తాలు ఉన్నంతకాలం ఆ సామ్రాజ్యం అస్తమించలేదనే నేననుకుంటాను.

దుబాయ్‌లో ఉన్న బ్రిటిష్‌వాళ్ళ మాట క్లుప్తంగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అక్కడ ఎక్కువ మాట్లాడటం మంచిది కాదు. బ్రిటన్‌లో వాక్ స్వాతంత్ర్యం చచ్చిపోయిందని వాళ్ళు మెరీనా ఒడ్డున నిలబడి వీడియోలు చేస్తారు. వాళ్ళుండే దేశంలో 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న సైబర్ చట్టం ప్రకారం ఇంటర్నెట్‌లో పుకారు పుట్టిస్తే తక్కువలో తక్కువ ఏడాది జైలు, లక్ష దిర్హాంల జరిమానా. అందుకని దుబాయ్ గురించి అన్నీ మంచి మాటలే చెబుతారు. తిట్టాల్సిందంతా లండన్ కోసం దాచుకుంటారు.

మనకేం సంబంధం అంటారేమో. డెబ్భైల్లో విశాఖలోనో గుంటూరులోనో ఎంబీబీఎస్ చదివి బ్రిటన్ వెళ్ళి, అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో జీవితమంతా పనిచేసి, ఆ దేశం పాస్‌పోర్టు తీసుకుని, రిటైరయ్యాక విజయవాడలో ఫ్లాట్ కొనుక్కున్న డాక్టరుగార్లు ఉన్నారు. కాగితాల లెక్కన వాళ్ళూ ప్రవాస బ్రిటిష్ పౌరులే. స్పెయిన్ పెద్దమనిషికి స్టేట్ పెన్షన్ ఏటా పెరుగుతుంది. ఇండియాలో, ఆస్ట్రేలియాలో, కెనడాలో ఉన్నవాళ్ళకి పెరగదు, ఏ రేటు దగ్గర ఆగిందో అక్కడే గడ్డకట్టి కూర్చుంటుంది. ఈ అన్యాయం గురించి అడిగితే డాక్టరుగారు అరగంట చెబుతారు, వినాల్సిందే. తర్వాత తెలుగు ఛానల్ డిబేట్ కట్టేసి బీబీసీ పెడతారు. ఇంగ్లండ్‌లోని డోవర్ తీరం, పడవలు, కంబళ్ళు కప్పుకుని దిగుతున్న జనం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు.

"మేం వెళ్ళినప్పుడు ఆ దేశం ఇలా ఉండేది కాదండీ. ఇప్పుడు ఎవరు పడితే వాళ్ళు వచ్చేస్తున్నారు."