పందికొక్కుని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరేం?

ప్రపంచంలోని మాటలన్నీ మన తెలుగులోంచే పుట్టాయని రోజుకో వాట్సాప్ ఫార్వర్డ్ వస్తుంది. ఒక్కదానికీ ఆధారం ఉండదు. నిజంగా తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిందని డిక్షనరీలు ఒప్పుకునే మాట గురించి మాత్రం ఊసెత్తేవాడు లేడు. పాపం, అది పందికొక్కు మరి!

బాండికూట్ అంటే అదే. ఇండియాలోని ఇంగ్లీషువాళ్ల వాడుకలోకి చేరిన మాటలకి 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు తీసి చూడండి, తెలుగు పందికొక్కు నుంచే వచ్చిందని రాసి ఉంటుంది. పొలంగట్లు తొలిచి, వరి వెన్నులు కొరికి కన్నంలో దాచుకునే మన కొక్కే. బెదిరితే పందిలా గుర్రుమంటుంది కూడా. ఆ పేరు పెట్టిన రైతెవరో గానీ చెవి పెట్టి విన్నాడు. ఈ ఎలుకల ప్రజాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరూ బాండికోటానే.

అక్కడితో ఆగలేదు. ఆస్ట్రేలియాలో దిగిన తెల్లవాళ్లకి పొడుగు మూతితో నేల తవ్వే జంతువొకటి కనబడింది. ఇండియాలో చూసినదానిలా ఉందే అని ఇదే పేరు తగిలించేశారు. నిజానికి దానికీ మన కొక్కుకీ ఏ చుట్టరికమూ లేదు. అది కంగారూలాగా పిల్లల్ని సంచిలో మోసే రకం. తవ్వేటప్పుడు మట్టి పడకుండా ఆ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. 1996లో ప్లేస్టేషన్‌లో వచ్చిన క్రాష్ బాండికూట్ గేమ్‌లో హీరో ఈ ఆస్ట్రేలియావాడే, మనవాడు కాదు. పైన ఆకులు కదలకుండా కింద బంగాళాదుంపలు కాజేస్తే ఆస్ట్రేలియాలో బాండికూటింగ్ అంటారు. ఈ దొంగబుద్ధి మాత్రం అచ్చం మన కొక్కుదే!

నా మంట వేరే ఉంది. మా అమ్మాయి వొకాబులరీ పుస్తకంలో దీనికి ఒకటే లైను: ఆస్ట్రేలియాలో ఉండే ఒక జంతువు. స్పెల్లింగ్ పదిసార్లు రాయమన్నారు, రాసింది. అన్నం ఎక్కువ పెట్టుకుంటే "పందికొక్కులా ఎంత మేస్తావే" అని వాళ్ల నానమ్మ చేత రోజూ అనిపించుకునే పిల్ల అది! ఈ రెండు మాటలూ ఒకటేనని ఒక్క ముక్క చెబితే ఆ స్పెల్లింగ్ జన్మలో మర్చిపోతుందా? చెప్పరు. అదే పుస్తకంలో కటమరాన్ అనే పడవ ఉంది, ఆ మాట తమిళ కట్టుమరం. కాయిర్ అనే కొబ్బరిపీచు ఉంది, అది మలయాళ కయర్. అన్నిటికీ అర్థం ఇచ్చి వదిలేశారు. ఎక్కడివో రాయడానికి పక్కన జాగా లేదా అంటే, రంగులెయ్యమని అరపేజీ బొమ్మ వేశారు.