గల్లంతైన నా డిపాజిట్‌కు ఓ దర్జీ ఉత్తరం

మహారాజశ్రీ డిపాజిట్ గారికి,

బెజవాడ వన్‌టౌన్ నుంచి టైలర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాద్దామనుకున్నాను గానీ, తమరు ఎక్కడున్నారో తెలిస్తే కదా.

మిమ్మల్ని ఆఖరుసారి చూసింది నామినేషన్ రోజున. స్కూలు యూనిఫాంలు కుట్టిన డబ్బు, అన్నీ వందలూ యాభైలూ, రబ్బరు బ్యాండు వేసి పట్టుకెళ్ళాను. గుమస్తా గారు రెండుసార్లు లెక్కపెట్టి, ఒక యాభై నోటు చిరిగిందని వెనక్కి తోశారు. టీకి ఉంచుకున్న చిల్లర కలిపితే పదివేలయింది. రశీదు ఇచ్చారు. గుర్తు కుట్టుమిషను అడిగితే ప్రెషర్ కుక్కర్ ఇచ్చారు, అది వేరే బాధ.

లెక్కింపు రోజు సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట: "డిపాజిట్ గల్లంతు!"

ఈ గల్లంతు అనే మాట మీకెవరు తగిలించారో గానీ, దాని పాత అర్థం గోల, కలకలం. తర్వాతెప్పుడో మాయమైపోవడం అయింది. మా కృష్ణలో స్నానానికి దిగిన మనిషి గల్లంతైతే గజ ఈతగాళ్ళను దింపుతారు, వలలు వేస్తారు. ఓటర్ల జాబితాలో పేర్లు గల్లంతైతే ధర్నా చేస్తారు. మీరు గల్లంతైతే మాత్రం జనం నవ్వుతారు. పైగా మీరు ఏ నదిలోనూ కొట్టుకుపోలేదు, సర్కారు ఖజానాలో చల్లగా కూర్చున్నారు. అది గల్లంతెలా అవుతుందండీ?

మీ పుట్టుపూర్వోత్తరాలు కూడా కనుక్కున్నాను. 1918లో బ్రిటన్ వాళ్ళు చట్టం చేసి అభ్యర్థికి 150 పౌండ్లు పెట్టారు. పోలైన ఓట్లలో ఎనిమిదో వంతు రాకపోతే డబ్బు పోయినట్టే. ఆటకి నిలబడేవాళ్ళను ఆపడానికట. మన 1951 చట్టం దాన్ని ఆరో వంతు చేసింది. అంటే దొరల కంటే మనమే గట్టిగా బిగించాం. అదీ సరిగ్గా ఆరో వంతు వచ్చినా చాలదు, దాటాలి. చెల్లిన ఓట్లు 1,80,000 అయితే 30,000 వచ్చినవాడికి మీరు దక్కరు, 30,001 వచ్చినవాడికి దక్కుతారు. ఇంచి టేపుతో బతికే నేను కూడా అంత పట్టింపుగా కొలవను.

1996లో నల్గొండ లోక్‌సభ సీటుకి 480 మంది నిలబడ్డారు, ఫ్లోరైడ్ నీళ్ళ గోడు ఢిల్లీకి వినపడాలని. అప్పటికి మీ ధర 500. వినపడింది! ఆ ఏడాదే లోక్‌సభకి మిమ్మల్ని 10,000 చేశారు. 2009లో మళ్ళీ పెంచితే లోక్‌సభకి 25,000, అసెంబ్లీకి 10,000 అయ్యారు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. ఆ పరిమితి దాకా వెళ్ళగలిగే పెద్దమనిషికి మీరు కండువాల ఖర్చులో కూడా ఆనరు. మరి తమరు ఆపేది ఎవరిని?

సరే, నా సంగతి చెబుతాను. నాకొచ్చినవి 214. గుర్తింపు ఉన్న పార్టీవాడికి ప్రతిపాదించడానికి ఒక్కడు చాలు, నాబోటి ఇండిపెండెంట్‌కు పదిమంది కావాలి. ఆ పదిమందీ మా బూత్ వాళ్ళే, పదకొండోవాణ్ణి నేను. మా బూత్‌లో నాకు పడ్డవి ఏడు. ఆ నలుగురెవరో ఇప్పటికీ తేలలేదు. పదిమందీ రోజూ మా కొట్టుకు వచ్చి "అన్యాయం జరిగింది బాబాయ్" అంటూనే ఉన్నారు. మా ఆవిడ కూడా అంటోంది, కాస్త తక్కువగా.

మీ దయవల్ల ఒక విద్య మాత్రం అబ్బింది. నాతో పాటు నిలబడ్డ ఓ పెద్దమనిషి ప్రచారానికని మూడు జతల తెల్ల లాల్చీలు కుట్టించుకుని, ఓడిపోయాక ఇటు రావడం మానేశాడు. అవి ఇంకా హ్యాంగర్లకే ఉన్నాయి. అందుకని కొట్లో బోర్డు పెట్టాను: "కొలతలిచ్చేటప్పుడే డిపాజిట్ కట్టవలెను. మూడు నెలల్లో బట్టలు తీసుకెళ్ళనిచో డిపాజిట్ గల్లంతు."

"తిరిగి ఇవ్వబడదు" అని మర్యాదగా రాయమంది మా ఆవిడ. నేను గల్లంతే ఉంచాను.

ఇట్లు,
మీ పాత యజమాని,
ప్రెషర్ కుక్కర్ గుర్తు