ఇత్తడి చెంబూ, నా పళ్ళూ

శ్రావణంలో మా బావమరిది కూతురి పెళ్ళి. శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాడు ఇచ్చి ఊరుకోవచ్చు కదా! నా మొహంలోకి పరీక్షగా చూసి, "బావా, ఆల్బమ్‌లో నీ పళ్ళూ, పెళ్ళికూతురి పసుపుబట్టలూ ఒకే రంగులో పడతాయేమో" అన్నాడు. ముప్పయ్యేళ్ళుగా పూటకి రెండు టీలు, మధ్యలో వక్కపొడి. పడవా మరి!

వైద్యం కూడా వాడే చెప్పాడు. నిమ్మచెక్కకి ఉప్పు అద్ది రుద్దడమే. నాకు వెంటనే నచ్చేసింది. దేవుడి దగ్గరుండే ఇత్తడి చెంబుని మా ఆవిడ ప్రతి శుక్రవారం చింతపండుతో తోముతుంది, అది బంగారంలా మెరుస్తుంది. చెంబుకి పనిచేసిన పులుపు పళ్ళకెందుకు పనిచెయ్యదు? పైగా నిమ్మచెట్టు పెరట్లోనే ఉంది. ఖర్చు లేని వైద్యమంటే మా వంశంలో మొదటినుంచీ మంచి గౌరవం.

పది రోజులు, పొద్దున్నా రాత్రీ రుద్దాను. ఎనిమిదో రోజుకి నాలికతో తడిమితే పళ్ళు సుద్దముక్కల్లా గరుగ్గా తగిలాయి. పని జరుగుతోందనుకున్నాను.

పెళ్ళిలో సరిగ్గా తలంబ్రాల వేళ ఎవరో కుర్రాడు చల్లటి గోళీసోడా చేతిలో పెట్టాడు. ఒక్క గుక్క. ముందుపంటి నుంచి మాడు దాకా కరెంటు షాకు! ఫొటోలో చుట్టూ నవ్వులు, మధ్యలో దవడ పట్టుకుని నేను, పిల్లని అత్తారింటికి పంపలేక కుమిలిపోతున్న మామయ్యలాగ. చూసినవాళ్ళంతా "ఎంత ప్రేమో!" అంటున్నారు. నేనూ కాదనలేదు.

అమలాపురంలో పళ్ళ డాక్టరమ్మకి చెంబు సంగతంతా చెప్పాను. "బాబాయ్ గారూ, తోమితే చెంబుకి చిలుము పోతుందండి. మీకు చెంబే పోతోంది" అంది. పంటి పైన ఉండే ఎనామిల్ బరువులో నూటికి 96 పాళ్ళు ఖనిజమేనట. నోట్లో పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ) 5.5 కన్నా దిగితే అది కరగడం మొదలు. నిమ్మరసం 2, 3 మధ్యే ఉంటుంది. అలా మెత్తబడ్డదాన్ని నేను ఉప్పుతో తోమాను.

"పోయింది మళ్ళీ వస్తుంది కదమ్మా?"

"గోదారి ఒండ్రాండీ, ఏటా వరదొచ్చి వేసిపోవడానికి?"

అసలు విడ్డూరం ఇంకోటుంది. లోపలి పొర డెంటిన్ సహజంగానే పసుపు. పైది పల్చబడేకొద్దీ ఆ పసుపు బయటపడుతుంది. అంటే నేను పది రోజులు కష్టపడి పసుపుకి దారి చేశానన్నమాట.

ముందు జివ్వుమనడం తగ్గడానికి పేస్టు ఇచ్చింది. అది తగ్గాక పళ్ళ అచ్చు తీసి, వాటికి తొడిగే ట్రే చేయించి, అందులో వేసుకోవడానికి పళ్ళని తెల్లబరిచే 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్లు ఇచ్చింది. రాత్రిళ్ళు రెండు వారాలు పెట్టుకోవాలి.

"ఇది మాత్రం ఎనామిల్‌ని తినదా?"

"ఇది గీకదండి. లోపలికి ఇంకి మరకల రంగుని విరగ్గొడుతుంది. చెప్పినట్టు వాడితే భయం లేదు. మధ్యలో కాస్త జివ్వుమన్నా సర్దుకుంటుంది. తొందరగా తెల్లబడాలని ఎక్కువ పెట్టుకోకండి" అంది. నా సంగతి అప్పటికే అర్థమైపోయినట్టుంది.

అన్నాళ్ళూ, ఆ తర్వాత మరో రెండు రోజులూ టీ, పసుపు, ఎర్రటి పులుసులు బంద్. పెరుగన్నం, కొబ్బరిపచ్చడి, ఇడ్లీ. బాలింతకి కూడా ఇంతకన్నా కారంగా పెడతారు.

జెల్లు అయిపోయిన మర్నాడు బావమరిది ధవళేశ్వరం నుంచి పులస పట్టుకొచ్చాడు. పుస్తెలమ్మైనా తినాలనే పులస! మా ఆవిడ మట్టిదాకలో, లేత బెండకాయలేసి పులుసు పెట్టింది. ఆ వాసనకి వీధి అరుగు మీద కూర్చోలేకపోయాను. "పులస పులుసు రెండోరోజుకే రుచి, మీకు తీసి ఉంచుతాలెండి" అంది. ఆ మాట పట్టుకుని పెరుగన్నం మింగాను.

గడువు తీరగానే వెళ్ళి దాక మూత తీశాను. అడుగున రెండు బెండకాయ ముక్కలు, ఒక తోక.

వెనకనుంచి బావమరిది ఫోను పైకెత్తాడు. "బావా, పళ్ళు భలే తెల్లబడ్డాయి. ఏదీ, ఓసారి నవ్వు!"

నేను నవ్వలేదు.