మా సుబ్బడి షుగర్‌కి మీ మెంతులు వద్దు

మా పిల్లికి షుగర్ అని తేలినప్పటి నుంచి ఒక సంగతి బాగా అర్థమైంది. తిరుపతిలో ఏ ఇంట్లో చూసినా ఒక షుగర్ పేషెంటు ఉంటారు, అందుకే ఏ ఇంట్లో చూసినా ఒక షుగర్ డాక్టరు కూడా ఉంటారు. "పిల్లికి కూడా షుగర్ వస్తుందా?" అని నవ్విన నోటితోనే మరు నిమిషంలో మందు చెప్పేస్తారు. మెంతులు నానబెట్టిన నీళ్ళు, కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి. నవ్వితే నవ్వుకోండి, బాధ లేదు. ఆ సలహాలకే ఒళ్ళు మండుతోంది.

సుబ్బడు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన మగపిల్లి. లావు, గడప దాటడు, వయసు పదికి దగ్గర పడింది. పిల్లుల్లో షుగర్ ఎక్కువగా వచ్చేది ఇలాంటి వాళ్ళకే. నీళ్ళ గిన్నె దగ్గరే కాపురం, ఒంటికి రెంటికి పెట్టిన లిట్టర్ ట్రే ఎప్పుడు చూసినా తడి, ముందుకంటే ఎక్కువ తింటూనే వెన్నెముక తేలేంతగా చిక్కిపోవడం. ఆ తర్వాత వెనక కాళ్ళు మడమల దాకా నేలకు ఆనించి నడవడం మొదలుపెట్టాడు. పక్కింటావిడ పక్షవాతం అని తేల్చేసింది. కాదు తల్లీ, షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే పిల్లులు అలాగే నడుస్తాయి.

"లడ్డూ పెట్టుంటారు" అన్నవాళ్ళకైతే లెక్కే లేదు. ఈ ఊళ్ళో లడ్డూ లేని ఇల్లు ఉండదు, నిజమే. కానీ పిల్లి నాలుకకు తీపి తెలియదు. తీపిని గుర్తుపట్టే జన్యువు వాటిలో పనిచేయదు. లడ్డూ కోసం ఎగబడేది మనమే.

మా జేజి రాగిసంగటి పెట్టమంది. మనిషి సంగతి వేరు. పిల్లి మాంసం మీద బతికే జీవి, దానికి బియ్యమైనా రాగులైనా పిండిపదార్థమే. డాక్టరు గారు డ్రై ఫుడ్ తగ్గించి, మాంసం ఎక్కువగా ఉండే వెట్ ఫుడ్‌కి మార్చమన్నారు. అదీ ఆయనకు చెప్పకుండా ఒక్కసారిగా మార్చకూడదు, ఎందుకంటే తిండి మారితే ఇన్సులిన్ డోసు కూడా మారుతుంది. మా చిన్నాయన ఇంకో అడుగు ముందుకేసి, "శనివారం ఒక్కపొద్దు ఉంచు, స్వామే చూసుకుంటాడు" అన్నాడు. లావు పిల్లి కొన్ని రోజులు తిండి మానేస్తే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. స్వామికి ఇప్పటికే బోలెడు పని ఉంది, ఇది కూడా ఎందుకు? వాకింగ్ చేయించమన్నవాళ్ళు కూడా ఉన్నారు. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కించమంటారేమో.

ఇవన్నీ నవ్వుకుని వదిలేయొచ్చు. సిరంజి సంగతి అలా కాదు. మా అమ్మకు షుగర్ ఉంది, ఆమె వాడేది మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే ఇన్సులిన్, ఎర్ర మూత సిరంజి. సుబ్బడికి రాసింది గ్లార్జిన్ అనే ఇన్సులిన్, అది మిల్లీలీటరుకు 100 యూనిట్లు, దానికి నారింజ మూత సిరంజి కావాలి. మందుల షాపులో అబ్బాయి ఎర్ర మూతవి చేతిలో పెట్టి "అన్నీ ఒకటే సార్" అన్నాడు. ఒకటి కాదు నాయనా! ఎర్ర మూత సిరంజిలో ఒక గీత వరకు గ్లార్జిన్ లాగితే లోపలికి వెళ్ళేది ఒక యూనిట్ కాదు, రెండున్నర. నాలుగైదు కిలోల ప్రాణికి అది ఎంత తేడా! షుగర్ పడిపోతే తూలుతుంది, ఫిట్స్ వస్తాయి. అప్పుడు చిగుళ్ళకు తేనె రాసి పరుగున ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, నోట్లో పోయకూడదు. ఏ పూటైనా తిండి తినకపోతే డాక్టర్ని అడగకుండా సూది వేయకూడదు. ఇక "అమ్మ మాత్ర సగం విరిచి వేసి చూడు" అన్న పెద్దమనిషికి ఏం చెప్పాలో నాకైతే తెలియలేదు.

టెస్టులో కూడా మన లెక్క కుదరదు. బుట్టలో పెట్టి ఆటోలో తీసుకెళ్తే ఆ భయానికే పిల్లికి షుగర్ పెరిగిపోతుంది. అందుకే ఒక్క రీడింగ్ చూసి తేల్చరు. ఫ్రక్టోసమిన్ అని ఒక రక్త పరీక్ష ఉంది, మనకు మూడు నెలల షుగర్ చూసినట్టు అది గత రెండు మూడు వారాల సగటు చెబుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా విన్నది, "ఇన్సులిన్ మొదలుపెడితే ఇంక జన్మంతా వదలదు" అని. పిల్లుల్లో ఇది చాలాసార్లు తప్పు. తొందరగా మొదలుపెట్టి, తిండి మార్చి, షుగర్‌ని అదుపులో ఉంచితే కొన్ని నెలల్లో ఇన్సులిన్ అక్కర్లేకుండా పోయే పిల్లులు చాలానే ఉన్నాయి. మళ్ళీ తిరగబెట్టొచ్చు, అది వేరే మాట. కానీ ఈ భయంతో సూది వాయిదా వేసి మెంతినీళ్ళు పట్టిస్తూ కూర్చుంటే పోయేది ఆ అవకాశమే. 1955 నుంచి వెటర్నరీ కాలేజీ, 2005 నుంచి ఏకంగా వెటర్నరీ యూనివర్సిటీ ఉన్న ఊరు మనది. ఇక్కడ కూర్చుని పిల్లి వైద్యం టీకొట్టు దగ్గర అడగడం ఏం ఖర్మ?

ఇంట్లో ఇప్పుడు పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి సూది. సుబ్బడు అన్నం... కాదు, వెట్ ఫుడ్ తింటుండగానే మెడ వెనక చర్మం పట్టుకుని వేసేస్తే వాడికి తెలియను కూడా తెలియదు. మొదట్లో నా చేతులే వణికేవి, ఇప్పుడు అమ్మ వేస్తుంది. ఆమెకు ఉన్న అనుభవం ముందు నేనెంత. టెన్షన్ అంతా ఊరెళ్ళాల్సి వచ్చినప్పుడే. వచ్చే నెల చిత్తూరులో మేనమామ కూతురి పెళ్ళి, అందరం వెళ్ళాలి. రాత్రి ముహూర్తం, సాయంత్రం ఏడుకి తిరిగి రావడం కుదరదు. బైరాగిపట్టెడ చుట్టుపక్కల పిల్లికి ఇన్సులిన్ వేయడం వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. డబ్బులిస్తాం, పెళ్ళి భోజనం ప్యాక్ చేసి తెస్తాం. సుబ్బడు కొరకడు, గీరుతాడంతే.