యుద్ధ గాయాన్ని మొదటి రోజే కుట్టేయకండి

హోసూరు రోడ్డు మీద బైకు జారి చీరుకుపోయిన కాలిని కడిగి కుట్టినట్టు, బాంబు ముక్క దిగిన కాలిని కుట్టేస్తే ఆ కాలు పోతుంది. ఒక్కోసారి మనిషే పోతాడు. బెంగళూరు క్యాజువాల్టీల్లో రాత్రింబవళ్లు యాక్సిడెంట్లు చూసే మన తెలుగు పీజీ డాక్టర్లు యుద్ధం వీడియోల కింద "ఇంత చిన్న బెజ్జానికి అంత పొడుగు కోత ఎందుకు?" అని రాస్తుంటే బాధేస్తోంది. చేతివాటం ఉన్నవాళ్లే ఈ తప్పు చేస్తారు, కుట్టడం అలవాటైపోయింది కాబట్టి.

చర్మం మీది బెజ్జాన్ని నమ్మకండి. సైనిక తూటా లోపల అడ్డం తిరిగినచోట కండను ఒక్కసారిగా పక్కలకు నెట్టి చిదిమేస్తుంది. తిరగకముందే అవతలికి దూసుకుపోతే గాయం నిజంగానే చిన్నది. ఎముకకు తగిలిందా, లెక్క మారిపోయింది. పాతిపెట్టిన మందుపాతర ఇంకా దుర్మార్గం. మట్టి, గడ్డి, చెప్పు ముక్కలు, పాదం ఎముకల పెంకులు పిక్క కండల మధ్యకు ఎగదన్నుకుపోతాయి. పైకండ గొడుగులా లేచి, మళ్లీ కిందికి జారి ఆ మురికినంతా కప్పేస్తుంది. చూడ్డానికి పాదమే పోయినట్టుంటుంది, చచ్చిన కండ మాత్రం చాలా పైదాకా ఉంటుంది.

ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో 2001–05 మధ్య గాయపడ్డ అమెరికా సైనికుల లెక్కల్లో సగానికి పైగా గాయాలు కాళ్లూ చేతులవే, ఛాతీవి 6 శాతమే. అది చూసి ఛాతీ గాయాలు అరుదనుకోవద్దు. కవచం కొందరిని కాపాడింది, గట్టిగా తగిలినవాళ్లలో చాలామంది ఆస్పత్రి దాకా రానేలేదు. కవచం లేని మామూలు జనానికి ఈ లెక్కను అంటగట్టడం అన్యాయం.

గాయాల తీవ్రతను ఒకే అంకెలో చెప్పడానికి మనం రోజూ వేసే ఐఎస్ఎస్ స్కోరు కూడా ఇక్కడ మోసం చేస్తుంది. కాళ్లూ చేతులూ కటివలయం (నడుం కింది ఎముకల చట్రం) అంతా దానికి ఒకటే భాగం. భాగానికి ఒక్క గాయపు తీవ్రతనే వర్గం చేసి కలుపుతారు కాబట్టి, రెండు కాళ్లకూ తీవ్రత చెరో 3 వచ్చినా స్కోరు 9 దగ్గరే ఆగుతుంది, రెండో కాలు లెక్కలోకే రాదు. 1997లో వచ్చిన కొత్త పద్ధతి, ఎన్ఐఎస్ఎస్, ఏ భాగమని చూడకుండా పెద్ద గాయాలన్నీ కలుపుతుంది కాబట్టి దాన్ని 18 చేస్తుంది. యుద్ధ గాయాలకు అదే వేయండి.

ఇక కోత సంగతి. అవయవం పొడుగునా కోసి, ఫేషియాను (కండ మీది గట్టి పొరను) పూర్తిగా తెరవాలి. కండ రంగు చూడండి, ఫోర్సెప్స్‌తో (పట్టకారుతో) నొక్కితే ముడుచుకుంటోందా, కోస్తే నెత్తురు వస్తోందా చూడండి. స్పందన లేని కండను తీసేయాల్సిందే, యాంటీబయాటిక్ అక్కడికి చేరదు. చర్మాన్ని మాత్రం వీలైనంత మిగల్చండి. విడిపోయిన ఎముక ముక్కలు తీసేయండి, ప్రతి లోహపు ముక్క కోసం కెలకొద్దు. లీటర్లకొద్దీ సెలైన్‌తో కడిగి తెరిచే వదిలేయండి. పైన దట్టమైన పొడి డ్రెస్సింగ్ చాలు, గాజ్ కట్టుగుడ్డను లోపల గట్టిగా కూరితే రసి బయటికి రాదు. టెటనస్ రక్షణ మరవద్దు.

ముఖం, తలచర్మం, కీలు పొర, పొట్ట పొర, ఊపిరి తీస్తే గాలిని లోపలికి పీల్చే ఛాతీ గాయం, వీటికి పద్ధతి వేరు, మూయాల్సిందే. మిగతావి నాలుగైదు రోజుల తర్వాత ఓటీలోనే (ఆపరేషన్ థియేటర్లోనే) విప్పి, శుభ్రంగా ఉంటే అప్పుడు కుట్టండి. ఈలోపు వార్డులో రోజూ విప్పి చూడొద్దు, విప్పిన ప్రతిసారీ కొత్త క్రిములు చేరతాయి. తడిస్తే పైపొర మార్చండి. జ్వరం ఎక్కువై, నాడి పరుగెడుతూ, కుళ్లువాసన వస్తే ఆ రాత్రే ఓటీకి తీసుకెళ్లండి, అయిదో రోజు దాకా ఆగొద్దు.