గోరింకల మీద వదినా మరిదీ తగువు

ఇద్దరూ పిట్టల్ని చూసేవాళ్ళే. వదిన పెరటి తోట దాటి వెళ్ళదు. మరిది తోటలో కూర్చోడు. మెడలో బైనాక్యులర్, సంచిలో తను చూసిన జాతుల జాబితా వేసుకుని ఊళ్ళు తిరుగుతాడు. ఆవిడ పెట్టిన గింజల పళ్ళెం చుట్టూ గోరింకలు మూగడం చూసి అతను నొసలు చిట్లించాడు. తగువు అక్కడ మొదలైంది.

మరిది: వదినా, మీరు పిట్టలకి మేత వేస్తున్నారా, రౌడీలకి మామూళ్ళు ఇస్తున్నారా? అవి తిన్నంతసేపూ ఇంకో పిట్ట ఆ పళ్ళెం మీద వాలదు.

వదిన: వాలకపోతేనేం, కింద రాలినవి పిచ్చుకలు ఏరుకుంటున్నాయిగా. వాటి కాళ్ళు చూడు. పిచ్చుక రెండు కాళ్ళూ కలిపి గెంతుతుంది. గోరింక అడుగు తర్వాత అడుగు వేసి దర్జాగా నడుస్తుంది. కాకికి రెండూ వచ్చు. ఇవి నీ జాబితాలో రాసుకున్నావా?

మరిది: జాబితాలో నడకలు ఉండవు. జాతి పేరు, తేదీ, చోటు. అంతే.

వదిన: అంటే ఒకసారి కనబడితే దాని పని అయిపోయినట్టే.

మరిది: గోరింకని రెండోసారి చూస్తే కొత్తగా తెలిసేదేముంది? పైగా మీకు ఇష్టమైనవాళ్ళ చరిత్ర అంత మంచిది కాదు. ప్రపంచంలో అతి చెడ్డ ఆక్రమణ జాతులంటూ, అంటే పరాయి నేలకి చేరి అక్కడివాటిని తరిమేసేవంటూ, 2000లో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం నిపుణులు వందింటితో ఒక పట్టిక వేశారు. అందులో పక్షులు మూడే మూడు. గోరింక, దాని కుటుంబానికే చెందిన స్టార్లింగ్, పిగిలిపిట్ట. మూడూ తోటల్లో తిరిగేవే.

వదిన: ఓడెక్కి అవే వెళ్ళాయా? పురుగుల్ని తింటాయని 1862 ప్రాంతంలో గోరింకల్ని మెల్‌బోర్న్ పట్టుకెళ్ళి వదిలింది మనుషులు. 1890లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో యూజీన్ షీఫెలిన్ అనే ఆయన 60 స్టార్లింగ్‌లని ఎగరేశాడు, మరుసటి ఏడు ఇంకొన్ని. అవి ఖండమంతా నిండిపోతే తప్పు పిట్టదైందా?

మరిది: తప్పు ఎవరిదైతేనేం? తొర్రలోంచి గెంటేయించుకున్న చిలకకి ఆ తేడా పట్టదు. ఆస్ట్రేలియాలో గోరింకలు చెట్టు తొర్రల కోసం అక్కడి పిట్టలతో పోట్లాడతాయి, వాటి గుడ్లు బయటికి తోసేస్తాయి. అక్కడ కూడా మీరు పళ్ళెం పెట్టి పిలుస్తారా?

(వదిన వెంటనే జవాబు చెప్పలేదు. ఈ మాటలో బలం మరిదిదేనని నాకూ అనిపించింది.)

వదిన: పిలవను. పరాయి నేల మీద వాటికి మేత వెయ్యడం తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ పుట్టిన నేల మీద కూడా అదే ముద్ర వేస్తే ఎలా? బ్రిటన్‌లో స్టార్లింగ్ సొంత పిట్ట. అక్కడ అదీ, ఇంటి పిచ్చుకా 2002 నుంచి ఎర్ర జాబితాలో, అంటే బాగా తరిగిపోతున్న పిట్టల జాబితాలో ఉన్నాయి. ఒకచోట ఎక్కువైపోయిందని తిడతారు, ఇంకోచోట తరిగిపోతోందని ఏడుస్తారు.

మరిది: నేను చెప్పేదీ అదే కదా! తరిగిపోయేవాటి వెంటే నేను తిరుగుతున్నది.

వదిన: తరిగాక వెళ్తున్నావు. ఉత్తర అమెరికాలో 1970 నుంచి దాదాపు 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో లెక్క తేల్చారు. పోయినవాటిలో ఎక్కువ భాగం నువ్వు తల తిప్పుకుని పోయే రకాలే. అక్కడి పిచ్చుకలు, ఫించ్‌లు, నల్లపిట్టల బంధువులు. స్టార్లింగూ ఆ లెక్కలో తగ్గింది. ఒకప్పుడు గుంపుతో ఆకాశం మూసేసిన ప్యాసింజర్ పావురం సంగతేమైంది? ఆఖరిది 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చచ్చిపోయింది.

మరిది: మీరు నన్ను బెదిరించి గోరింకల్ని చూపించాలనుకుంటున్నారు. చూడాలనిపించేలా ఒక్కటి చెప్పండి, చాలు.

వదిన: ఒక్కటా? స్టార్లింగ్ ఒంటి మీద చలికాలంలో తెల్ల చుక్కలుంటాయి. వసంతానికి అవి మాయమై నల్లగా నిగనిగలాడుతుంది. కొత్త ఈకలు వచ్చి కాదు. తెల్లగా ఉన్న ఈకల కొసలు అరిగిపోతాయంతే. ఒకసారి చూసి టిక్కు పెట్టుకుపోయేవాడికి అరుగుదల ఎలా కనబడుతుంది? ముక్కు కూడా అంతే, గూళ్ళ కాలానికి పసుపు తిరుగుతుంది. అప్పుడు ముక్కు మొదలు దగ్గర నీలం ఛాయ ఉంటే మగది, గులాబీ ఛాయ ఉంటే ఆడది. ఇక అది తినే తీరు! మూసిన ముక్కు గడ్డిలోకి గుచ్చి లోపల తెరుస్తుంది. మట్టి విడిపోతుంది, ఆ సందులోకి చూసి పురుగుని లాగుతుంది. మూయడానికి కాదు, తెరవడానికి బలమైన కండరాలు దాని దవడకి. మగది గూట్లోకి వాసన వచ్చే పచ్చి ఆకులు తెచ్చిపెడుతుంది.

మరిది: బాగానే ఉంది. కానీ గొంతు? గీపెట్టడం తప్ప ఏముంది?

వదిన: ఆ గొంతునే మోజార్ట్ మెచ్చుకున్నాడు. 1784 మే 27న ఒక స్టార్లింగ్‌ని కొని, అది తన పియానో కచేరీ వరస ఈలవేస్తుంటే ఖర్చుల పుస్తకంలో ఆ స్వరాలు రాసుకున్నాడు. పిట్ట ఒకచోట స్వరం మార్చింది కూడా. మూడేళ్ళకి అది చచ్చిపోతే పాతిపెట్టి పద్యం రాశాడు.

మరిది: ఇంత చెప్పి అసలుది వదిలేశారు. సాయంత్రం వేల స్టార్లింగ్‌లు ఒకే ఒళ్ళులా మెలికలు తిరిగే ఆ గుంపు విన్యాసం. అది చూడ్డానికి నేను రాత్రంతా రైల్లో నిలబడైనా వెళ్తాను. ప్రతి పిట్టా చుట్టూ ఉన్న ఆరేడు పిట్టల్నే కనిపెట్టుకుని ఎగురుతుందట, రోమ్‌లో ఫొటోలు తీసి తేల్చారు.

వదిన: ఏ పిట్టలు నాయనా అవి?

మరిది: ...స్టార్లింగ్‌లే.

వదిన: వేలుంటే రైలెక్కుతావు, నాలుగుంటే రౌడీలంటావు.

మరిది: సరే, ఆ మాట వెనక్కి. కానీ పళ్ళెం సంగతి వదలను. ఎప్పుడు కడిగారు దాన్ని? 2005, 2006 ప్రాంతంలో బ్రిటన్ తోటల్లో ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవి వల్ల గ్రీన్‌ఫించ్ అనే చిన్న పిట్టలు గుట్టలుగా చచ్చిపోయాయి. మేత మీద పడ్డ చొంగతోనే అది ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటుంది. ప్రేమతో పెట్టే పళ్ళెమే రోగాల సంత అవుతుంది.

వదిన: కడుగుతున్నాను.

మరిది: ఎప్పుడు?

వదిన: అడ్డమొచ్చినప్పుడు.

మరిది: అలా కుదరదు. వారానికోసారైనా రుద్ది కడిగి, ఎండలో ఆరబెట్టాలి. మిగిలిన మేత పారబొయ్యాలి, ఒకేచోట పెట్టకూడదు. నీళ్ళ మూకుడికీ అంతే. పిచ్చుకలకి గూటిపెట్టె నేను చేసిస్తాను, 32 మిల్లీమీటర్ల రంధ్రంతో. పిచ్చుక దూరుతుంది, మీ గోరింక దూరలేదు.

వదిన: చెయ్యి. చేసే చేత్తో పెద్ద రంధ్రంతో ఇంకోటి కూడా చెయ్యి.

మరిది: దేనికి?

వదిన: దేనికో నీకు తెలీదా?

మరిది: చెయ్యను వదినా.

వదిన: సరేలే, మీ అన్నయ్య చేసిస్తారు.