ట్యూనింగ్ బాక్సు గారికి, క్లచ్ ప్లేటు తరఫున

మహారాజశ్రీ ట్యూనింగ్ బాక్సు గారికి,

విజయవాడ ఆటోనగర్‌లో గేర్‌బాక్సులు దించి, ఎక్కించి బతికే ఒక మెకానిక్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. డీజిల్ కార్ల పవర్ పెంచుతామని అమ్ముడుపోయే మీరు బానెట్ కింద బ్యాటరీ పక్కన, నల్లటేపు చుట్టుకుని క్షేమంగా ఉన్నారని తెలుసు. మీ దయవల్ల మేమూ క్షేమమే. మనిద్దరికీ మధ్యలో, ఇంజిన్ తిప్పుడిని గేర్‌బాక్సుకి అందించే క్లచ్ ప్లేటు ఒక్కటే కాలిపోయింది.

మీ గొప్పలు వింటుంటే కడుపు నిండిపోతోందండీ. రెండు కనెక్టర్లు తగిలిస్తే చాలట. వైరు కొయ్యక్కర్లేదు, ఇంజిన్ విప్పక్కర్లేదు, పాతిక శాతం పవర్ ఎక్స్‌ట్రా. పైగా మైలేజీ కూడా పెరుగుతుందట. పికప్పూ మీరే పెంచి, డీజిలూ మీరే తగ్గిస్తే, కారు ఈఎంఐ కూడా మీరే కట్టేయొచ్చు కదా!

మీరు లోపల చేసే పనేమిటో అమ్మేవాళ్లు ఓనర్లకి చెప్పరు. కామన్ రైల్ డీజిల్ ఇంజిన్లో, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి గొట్టం ఉంటుంది, దాన్నే రైల్ అంటారు. దానికి ఒక ప్రెషర్ సెన్సర్ ఉంటుంది. లోపల డీజిల్ ఎంత ఒత్తిడిలో ఉందో అది ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి చెబుతూ ఉంటుంది. మీరు ఆ ఇద్దరి మధ్యా దూరి, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తారు. ఈసీయూ పాపం నిజమనుకుని ప్రెషర్ పెంచుతుంది. ఇంజెక్టర్ తెరుచుకునే టైము మారకపోయినా డీజిల్ ఎక్కువ పడుతుంది. ఇంట్లో శుభ్రంగా భోంచేసి అమ్మమ్మ దగ్గరికెళ్లి ‘పొద్దుట్నుంచీ ఏం తినలేదు’ అని మొహం వేలాడేసే మనవడి తెలివి మీది. కాకపోతే అక్కడ రెండోసారి తిన్నవాడి కడుపే నొప్పెడుతుంది. ఇక్కడ తిన్నది ఇంజిను, నొప్పి క్లచ్‌ది.

ఈసీయూకి వైరుంది కాబట్టి దానికి అబద్ధం చెప్పగలిగారు. క్లచ్ ప్లేటుకి వైరు లేదు. దానికి ఒక పక్క ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీలు, ఇంకో పక్క ప్రెషర్ ప్లేటు, వెనక నుంచి నొక్కే డయాఫ్రం స్ప్రింగు. ఆ స్ప్రింగు ఎంత గట్టిగా నొక్కుతుంది, ప్లేటు మీది లైనింగు ఎంత పట్టు ఇస్తుంది, ప్లేటు ఎంత వెడల్పుంది, ఇంతే లెక్క. ఆ లెక్కకి ఎంత టార్క్, అంటే తిప్పే బలం, వస్తే అంతవరకే పట్టుకుంటుంది. అది దాటితే ఇంజిన్ తన దారిన తిరుగుతుంది, గేర్‌బాక్సు తన దారిన తిరుగుతుంది. మీ అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసిన హార్స్‌పవర్ అంకెతో దానికి పనిలేదు. దానికి తెలిసిన భాష టార్క్‌ని కొలిచే న్యూటన్ మీటర్లే.

ఊరంతా తిరిగిన 1.3 లీటర్ల డీజిల్ స్విఫ్ట్‌నే తీసుకోండి. 4000 ఆర్‌పీఎం దగ్గర 75 హార్స్‌పవర్, 2000 దగ్గర 190 న్యూటన్ మీటర్లు. మీరు చెప్పే పాతిక శాతం కలిపితే టార్క్ 237 దాటుతుంది. కంపెనీవాళ్లు క్లచ్‌కి కొంత వెసులుబాటు ఉంచుతారు, కాదనను. కొత్త క్లచ్ అయితే ఎలాగో సర్దుకుంటుందేమో కూడా. కానీ మీరు వెళ్లి కూర్చునేది కొత్త కార్లలోనా? 2020 ఏప్రిల్లో బీఎస్-6 అనే కొత్త పొగ నిబంధనలు వచ్చాక మారుతి డీజిల్ కార్లే మానేసింది. అంటే మీకు దొరికే స్విఫ్ట్ ఏదైనా అంతకు ముందుదే. దాని క్లచ్ ఎవరి ఎడమకాలి కింద ఎన్నేళ్లు నలిగిందో మీకు తెలియదు, అడగరు కూడా. మిమ్మల్ని అమ్మేవాడు బానెట్ ఎత్తి బ్యాటరీ చూస్తాడు, కనెక్టర్ చూస్తాడు. ‘క్లచ్ ఎప్పుడు మార్చారు సార్?’ అన్న ఒక్క ముక్క మాత్రం నోట్లోంచి రాదు.

ట్రయల్ సంగతి మరీ ముచ్చట. మా రోడ్ల మీదే సెకండు గేరులో, థర్డు గేరులో ఒక రౌండు కొట్టిస్తారు. సీటుకి వీపు అతుక్కుంటుంది. కుర్రాడు అక్కడికక్కడే ఫోన్ తీసి డబ్బులు కొట్టేస్తాడు. కింది గేర్లలో కారు టక్కున ముందుకి లేస్తుంది, ఇంజిన్ టార్క్ ఎక్కువుండే ఆ 2000 ఆర్‌పీఎం దగ్గర నిలబడకుండా దాటిపోతుంది, అందుకని జారుడు బయటపడదు. అది బయటపడాలంటే పై గేరుండాలి, తక్కువ ఆర్‌పీఎం ఉండాలి, కాలు పూర్తిగా కిందికుండాలి. ఆ మూడూ కలిసేది హైవే మీద. గుంటూరు నుంచి వస్తూ కాజ టోల్‌గేటు దాటాక, ఐదో గేరులో 70 మీద పోతూ ముందున్న లారీని దాటేద్దామని మనవాడు తొక్కుతాడు. ఆర్‌పీఎం ముల్లు 1800 నుంచి 3000కి ఎగబాకుతుంది. స్పీడు ముల్లు 70 దగ్గరే కూర్చుని చోద్యం చూస్తుంది. లారీ కూడా చూస్తుంది.

తర్వాత వాసన. క్లచ్ కాలిన వాసన ఒకసారి పీల్చినవాడు జన్మలో మరిచిపోడు. మన కుర్రాడు మాత్రం అద్దం పైకెత్తి, ‘ముందెళ్లే లారీ బ్రేకులు పట్టేసినట్టున్నాయి అన్నా’ అని నాకు ఫోన్ చేస్తాడు. లారీ మంగళగిరి దగ్గర పక్కకి తిరిగిపోతుంది. వాసన బెంజ్ సర్కిల్ దాకా వెంటే వస్తుంది.

బెంజ్ సర్కిల్లో ఇంకో కథ. ఫ్లైఓవర్ ఎక్కకుండా కిందికి దిగినవాడికి అక్కడ కావలసింది టార్క్ కాదు, ఓపిక. హాఫ్ క్లచ్ మీద అంగుళం అంగుళం జరుపుకుంటూ పోవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక క్లచ్‌ని కప్పి ఉంచే బెల్ హౌసింగ్ లోపల పరిస్థితి చెప్పాలా? వేడెక్కిన కొద్దీ లైనింగు పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గితే ఇంకా జారుతుంది, జారితే ఇంకా వేడి. చివరికి గేర్‌బాక్సు దించి చూస్తే ప్లేటు అద్దంలా మెరుస్తుంది, ఫ్లైవీలు మీద నీలం మచ్చలు. ఓనరు ఆ మచ్చలకేసి చూసి ‘కంపెనీ క్లచ్ అంతా వేస్ట్ అన్నా’ అంటాడు. మీ పేరు ఎత్తడు. కారుకి వారంటీ ఉన్న రోజుల్లోనే, అది పోతుందేమోనని సర్వీసు రోజున మిమ్మల్ని ఊడదీసి డ్యాష్‌బోర్డు అరలో, ఇన్సూరెన్సు కాయితాల కింద దాచడం అప్పటికే అలవాటైపోయింది. అనుమతి లేకుండా బండిని మార్చిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి మరీ రాశారు. ఆ సంగతి మీ అట్టపెట్టె మీద నాకు ఎక్కడా కనపడలేదు.

మీ బంధువుల్ని కూడా ఒకమాట అడిగానని చెప్పండి. యాక్సిలరేటర్ పెడల్ దగ్గర కూర్చునే మీ బావగారు ఇంజిన్‌కి ఒక్క న్యూటన్ మీటరు కూడా కలపరు. కాలు సగం తొక్కితే ముప్పావు తొక్కాడని చెబుతారు, అంతే. ఇక కారు లోపాలు చెక్ చేసే ఓబీడీ సాకెట్లో దూరి లైట్లు మాత్రమే మిణుకు మిణుకుమనిపించే మీ చౌకరకం తమ్ముడుగారంటే నాకు మహా గౌరవం. డబ్బులు తీసుకుని ఏ పనీ చేయకపోవడం వల్ల ఆయన ఇప్పటిదాకా ఒక్క క్లచ్‌నీ కాల్చలేదు.

దీనికి మందు లేదా అంటే ఉంది. గట్టి స్ప్రింగున్న ప్రెషర్ ప్లేటు వేయొచ్చు, మంచి లైనింగున్న ప్లేటు వేయొచ్చు. పెడల్ బరువెక్కుతుంది, ట్రాఫిక్‌లో కారు కుదుపుతుంది. డ్యూయల్ మాస్, అంటే రెండు ముక్కల ఫ్లైవీలున్న కారైతే బిల్లు చూసి ఓనరు కాసేపు మాట్లాడడు. క్లచ్ గట్టిపడితే తర్వాత బలహీనమైనది ఏదో వెతుక్కుని మీరు దాని దగ్గరికి వెళ్తారనుకోండి, అది వేరే సంగతి.

సెలవు తీసుకుంటాను.

ఇట్లు,
మీ వల్ల నాలుగు మెతుకులు తింటున్న
ఆటోనగర్ మెకానిక్

తా.క.: మొన్న కొత్త క్లచ్ సెట్టు వేయించుకున్న గుంటూరు కుర్రాడు మళ్లీ ఫోన్ చేశాడు. ‘అన్నా, ఇప్పుడు కొత్త క్లచ్చే కదా, బాక్సు మీద నాబ్ రెండు నుంచి నాలుగుకి తిప్పుకోవచ్చా?’ అన్నాడు. ప్లేటు కుదురుకునేదాకా ఆగు తమ్ముడూ అన్నాను. ఆగడు. స్పేర్‌పార్ట్స్ షాపులో ఇంకో సెట్టు పక్కన పెట్టమని చెప్పాను.